ఢిల్లీకి వెళ్ళిన ఇసుర్రాయి

ఈ ప్రయాణం చేసి పన్నెండేళ్ళు దాటింది. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే నాకు రాయడం రాదు. ఢిల్లీకి పోయినప్పుడు నాకు నలభై నిండాయి, అప్పటికి సంతకం కూడా చేయలేను. యాభై దగ్గర పడ్డాక బాగేపల్లి మహిళా సమాజంలో కన్నడ అక్షరాలు నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు మా ఊరి పూజారిగారి భార్య నేర్పింది. చేటలో రాగిపిండి పరచి, నా వేలు పట్టుకుని దిద్దించేది.

మాతో ఢిల్లీకి వచ్చిన బడి మేష్ట్రు అప్పుడే అన్నాడు, "నువ్వు చెప్పమ్మా, నేను రాసిపెడతా" అని. నేను చెప్పలేదు. ఆయన రాస్తే అది మంచి కథ అయ్యేది. మా తాలూకాకు పేరు తెచ్చే కథ అయ్యేది. అక్షరాలు వచ్చాక కూడా మా అక్క బతికి ఉన్నంతకాలం రాయడానికి చెయ్యి రాలేదు. పోయిన ఏడాది అక్క పోయింది. ఇప్పుడు రాస్తున్నాను.

మా ఊరు, బాగేపల్లి

మా ఊరు మిట్టేమరి పక్కన. అక్క అంటే తోబుట్టువు కాదు, మా ఇంటాయన అన్న భార్య. పేరు అక్కులమ్మ. మా బావ చిన్న వయసులోనే పోయాడు. నేను కాపురానికి వచ్చిన మర్నాటి నుంచి అక్కా నేనూ ఒకే ఇసుర్రాయికి అటొకరు ఇటొకరు కూర్చుని రాగులు విసిరాం. ఒకే పిడిని ఇద్దరం పట్టుకుంటాం. ఆమె తోస్తే నేను లాగుతాను, నేను తోస్తే ఆమె లాగుతుంది. ఆ రాయి మా అత్త పుట్టింటి నుంచి తెచ్చుకున్నది.

పాట కూడా అత్తదే. అత్త దాన్ని పెద్దకోడలికి సగం, చిన్నకోడలికి సగం ఇచ్చింది. మొదటి చరణం అక్కది, దానికి జవాబు నాది. ఇరవై ఏళ్ళు ఎదురెదురుగా కూర్చుంటే ఒకరి సగం ఇంకొకరికి రాకుండా ఉండదు. కానీ అక్క సగం నేను పాడకూడదు, నా సగం అక్క పాడకూడదు. పాడితే ఎదుటి మనిషి లేనట్టు. పిడి దగ్గర కూర్చోబెట్టిన రోజే అత్త ఈ మాట చెప్పింది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మా వైపు గింజలు పోయకుండా రాయి తిప్పరు. ఇంట్లో మనిషి పోయినప్పుడు మాత్రమే, పొయ్యి మళ్ళీ వెలిగించే ముందు, ఖాళీ రాయిని మూడు చుట్లు తిప్పుతారు. ఆ మనిషి గింజలు అయిపోయాయని చెప్పడం అది. బావ పోయినప్పుడు అక్క తిప్పింది. అత్త పోయినప్పుడు ఇద్దరం తిప్పాం.

బాగేపల్లి మేష్ట్రు ఒకరోజు పొద్దున మా వీధిలో పోతూ మా పాట విని నిలబడిపోయాడు. స్వతంత్రం వచ్చి మూడు నాలుగేళ్ళయింది అప్పటికి. ఢిల్లీలో ఎన్నో దేశాలవాళ్ళు చేరి పరుగులు, దూకుళ్ళు, ఈతలు పందెం కడుతున్నారని, దాని పక్కనే అన్ని దేశాల పాటలూ ఆటలూ కూడా పెడుతున్నారని, మన సీమ నుంచి కూడా పంపమన్నారని ఆయనకు తాలూకా కచేరీలో తెలిసింది. బండి కట్టించి మమ్మల్ని, రాయిని తాలూకాకు పెద్ద అయిన అమల్దారు దగ్గరికి, ఆ కచేరీకే తీసుకుపోయాడు.

కచేరీ వసారాలో రాయి దించి విసురుతూ పాడాం. అమల్దారు కాసేపు విన్నాడు. తర్వాత గడియారం చూసుకున్నాడు.

"పాట ఇంకెంతసేపు ఉండాదమ్మా?" అన్నాడు.

"రాగులు అయిపోయేదాకా స్వామీ," అంది అక్క.

ఆయన నవ్వి సరేనన్నాడు. మమ్మల్ని పంపడం అక్కడే ఖాయమైంది.

మా ఇంటాయన మాత్రం నవ్వలేదు. "ఢిల్లీలో రాళ్ళు లేవా? మీ ఇద్దరి నోళ్ళు మోసుకొని పోతే చాలదా?" అన్నాడు.

"వేరే రాయికి మా చేతులు తిరగవప్పా," అంది అక్క.

అంతటితో ఆయన ఊరుకున్నాడు. వదినమాటకు ఎదురు చెప్పే మనిషి కాదు.

చిక్కబళ్ళాపురం

రాయిని రెండు గోనెసంచుల్లో కట్టాం, పైరాయి ఒకటి, కిందిరాయి ఒకటి. ఇంకో సంచిలో రాగులు. బస్సు కండక్టరు పైకెత్తించేటప్పుడు "ఏమమ్మా, ఢిల్లీలో ఇల్లు కడతాండారా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. మేమూ నవ్వాం.

చిక్కబళ్ళాపురంలో ఆ పూట బాటసారుల చత్రంలో దిగాం. మర్నాడు పొద్దున చిన్నరైలు. అక్కడ హోటలు కాఫీ అణాకు ఒక లోటా. అక్క ఒక గుక్క తాగి, పాలు ఎవరో దూరం నుంచి చూపించి తీసుకుపోయినట్టుంది అంది. సంగటి లేకపోతే మాకు పొద్దుపోదు. అందుకని చత్రం వసారాలోనే రాయి దించి రెండు పిడికిళ్ళ రాగులు పోశాం.

చత్రంలో ఉన్న ఆడవాళ్ళంతా వచ్చి చుట్టూ కూర్చున్నారు. అందులో శిడ్లఘట్ట మనిషి ఒకామె ఉంది. పట్టుగూళ్ళను వేడినీళ్ళలో వేసి దారం తీసే పని ఆమెది. వేళ్ళ కొనలు తెల్లగా ఉబ్బి, పొరలు లేచి ఉన్నాయి.

"మా పనికి పాట లేదమ్మా," అంది. "చేతులు కాలతాంటే పాట యాడ వస్తాది? మీరు నిదానంగా పాడండి, నేను పట్టుకుంటా."

ఆమె ముందు అక్క సగంతో కలిసింది, తర్వాత నా సగంతో కూడా. అక్కకు కోపం రాలేదు. "ఆమె కొత్త, ఆమెకు తెలీదు," అంది నాతో. రాగులు అయిపోయాయి. ఇంకో పిడికెడు పోశాం. అవీ అయిపోయాయి. చత్రం వంటామె మా సంగటిలోకి చింతపండు పులుసు పోసి పంపింది, డబ్బు తీసుకోలేదు.

ఢిల్లీ ఎలా ఉందని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. పాడింది ఎక్కడ అని అడిగితే మాత్రం నేను చిక్కబళ్ళాపురం పేరు చెప్తాను.

డేరాల ఊరు

రైళ్ళ సంగతి రాయను. ఎన్ని మారామో నాకు లెక్కలేదు. ప్రతి స్టేషన్లోనూ కూలీ మా సంచి ఎత్తి, కిందపెట్టి, మా మొహాలు చూసేవాడు. అది మాత్రం గుర్తుంది.

ఢిల్లీలో మమ్మల్ని డేరాల్లో పెట్టారు. ఎండ మండుతుంది కానీ నీడలోకి పోతే చలి. మా డేరా పక్కన పంజాబు ఆడవాళ్ళు, వాళ్ళ పక్కన బర్మావాళ్ళు, ఆ పైన జావా వైపు వాళ్ళు. అందరికీ ఒకే వంట. పొద్దునా సాయంత్రం గోధుమ రొట్టెలు. అక్క రొట్టెను చేత్తో బరువు చూసి, "ఇది కడుపులో యాడో ఒకచోట కూర్చుంటాదా, తిరుగుతానే ఉంటాదా?" అంది. టీ రెండణాలు. మా ఊర్లో రెండణాలకు ఒక పూట కూరగాయలు వచ్చేవి.

రెండోరోజు మేము రాగులు ఆరబెట్టుకుని పక్కకు పోయాం. తిరిగొచ్చేసరికి వంటవాడు ఆవాలనుకుని దోసెడు తీసుకుపోయి పప్పులో తాలింపు వేశాడు. ఆ రోజు అన్ని దేశాలవాళ్ళూ రాగులు నమిలారు. పంజాబు ఆడవాళ్ళు పళ్ళలోంచి తీసుకుంటూ మావైపు చూసి నవ్వారు.

జావావాళ్ళలో ఒక పెద్దామె ఉంది. పేరు చెప్పింది గానీ నా నోటికి రాలేదు. వాళ్ళు పడవలాంటి పొడుగు రోలు తెచ్చుకున్నారు. ఆరుగురు ఆడవాళ్ళు చుట్టూ నిలబడి రోకళ్ళతో దాని అంచుల మీద, లోపల, పక్కల కొట్టేవాళ్ళు. అందులో వడ్లు లేవు. ఉత్త చప్పుడే. కానీ ఆ చప్పుడు వింటే కాళ్ళు ఆగవు.

అక్క నోరు తెరుచుకుని చూసింది. అయిపోయాక పోయి ఆ పెద్దామె చెయ్యి తిప్పి చూసింది. అరచేతిలో కాయ కాసి ఉంది. అక్క తన చెయ్యి చూపించింది. ఇద్దరి కాయలూ వేరే వేరే చోట్ల ఉన్నాయి, రోకలికి ఒకచోట, పిడికి ఒకచోట. ఇద్దరూ చాలాసేపు ఒకరి చెయ్యి ఒకరు నొక్కి చూసుకున్నారు. అక్క ఆమెకు ఒక పిడికెడు రాగులిచ్చింది. ఆమె కొంగులో కట్టుకుంది.

వేదిక

మా కార్యక్రమం చూసుకునేది బెంగళూరు నుంచి వచ్చిన ఒకామె. అందరూ మేడం అనేవాళ్ళు. కన్నడం చక్కగా మాట్లాడేది, మాకు దుప్పట్లు సరిపోయాయా అని రోజూ అడిగేది. చెడ్డ మనిషి కాదు. మొదటి రోజు సాధకంలోనే మా రాయి చుట్టూ పడిన పిండి చూసి ఆమె భయపడింది.

మాకు నాలుగు నిమిషాలే ఇచ్చారట. మా తర్వాత బర్మా అమ్మాయిలు వట్టికాళ్ళతో ఆడాలి. పిండి ఉంటే జారతారు. కాబట్టి రాగులు పోయకుండా ఊరికే తిప్పుతూ పాడండి అంది.

మేష్ట్రు ఆ మాట మాకు చెప్పేటప్పుడు నేల చూస్తూ చెప్పాడు.

"ఎవురు పోయినారని తిప్పల్ల?" అంది అక్క.

"ఎవురూ పోలేదమ్మా. ఇది నాటకం మాదిరి."

"నాటకానికైతే నాటకం రాయి తెచ్చుకోల్ల. ఇది మా అత్తది."

"జావావాళ్ళు చూడమ్మా. ఖాళీ రోలు కొట్టడంలా?"

"వాళ్ళ రోలు వాళ్ళది. వాళ్ళకది పండగ. మనకు ఏమిటికో నీకు తెలీదా అప్పా? నువ్వు బాగేపల్లివాడివి కాదా?"

మేష్ట్రుకు తెలుసు. కింద గుడ్డ పరుస్తామని అక్క అడిగించింది. గుడ్డ వేసి తీసేదానికి వేళ చాలదన్నారు. వేదిక కింద, జనం ముందర నేలమీద కూర్చుంటామంది. అక్కడ పెద్దమనుషుల కుర్చీలు ఉంటాయన్నారు. అక్క సంచి మూతి బిగించి కట్టి, "అయితే మేము పాడం. మేష్ట్రప్పా, మమ్మల్ని ఊరికి తోలు," అంది.

మేము అని నన్ను కూడా కలిపి అంది. నన్ను అడగక్కర్లేదనుకుంది.

ఆ సాయంత్రం మేడం నన్నొక్కదాన్నే పిలిచింది. వేదిక ఎక్కినవాళ్ళకే పందేలు చూసేదానికి చీటీ ఇస్తారని చెప్పింది. ఎక్కనివాళ్ళను మర్నాడే రైలెక్కిస్తారట. తర్వాత అడిగింది, "నీకు ఆమె భాగం కూడా వస్తుందా?"

నాకు పందేలు చూడాలని ఉండింది. ఇంత దూరం వచ్చి చూడకుండా పోతే ఊర్లో ఏం చెప్పాలి అనిపించింది. ఇంకొకటి కూడా ఉంది, అది రాయడం కష్టం. ఇరవై ఏళ్ళు నేను జవాబు చెప్పేదాన్నే. మొదలు పెట్టేది ఎప్పుడూ అక్క.

వస్తుందన్నాను.

మూడు రోజులు ఖాళీ రాయితో సాధకం చేయించారు. అక్క స్థానంలో బెంగళూరు కాలేజీ అమ్మాయిని కూర్చోబెట్టారు. ఆమె పట్టుచీర కట్టుకుని పిడిని గరిటె పట్టుకున్నట్టు పట్టుకునేది. నేను తోస్తే తనూ తోసేది. చివరికి మేడం, "నువ్వు ఊరికే చెయ్యి పెట్టు, ఆమె తిప్పుతుంది" అంది.

ఖాళీ రాయి చప్పుడు వేరే. గింజలుంటే గురగురమంటుంది. లేకపోతే రాయి రాయిని కొరుకుతుంది. వేదిక ఎక్కిన రోజు మైకును రాయి దగ్గరే పెట్టారు. ఆ కొరుకుడు ఆ జనమంతటికీ వినిపించింది, అదే సంగీతమనుకుని మొదటి చుట్టుకే చప్పట్లు కొట్టారు. నేను అక్క చరణం పాడాను. నా జవాబూ నేనే పాడాను. మళ్ళీ అక్క చరణం. గింజలు లేనప్పుడు పాట ఎక్కడ ఆపాలో తెలియదు. నేను పాడుతూనే ఉన్నాను. వాళ్ళు గంట కొట్టి ఆపించారు.

దిగి వచ్చేసరికి తెర వెనక అక్క కూర్చుని ఉంది. రాగుల సంచి ఒళ్ళో ఉంది. జావా పెద్దామె ఆమె పక్కనే కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని ఉంది.

నన్ను చూసి అక్క, "దప్పికగా ఉందా?" అని చెంబు ఇచ్చింది. అంతే.

మేష్ట్రు మేడాన్ని బతిమాలి అక్కను కూడా మాతోపాటే ఉంచాడు గానీ చీటీ నాకు ఒక్కదానికే వచ్చింది. మర్నాడు పందేలు చూశాను. మైదానం చుట్టూ మనుషులు. మగవాళ్ళు పొట్టి చల్లడాలు వేసుకుని గుండ్రంగా పరుగెత్తారు. బయల్దేరిన చోటికే వచ్చి ఆగారు. అందరూ లేచి అరిచారు. నేనూ లేచాను. ఎవరు గెలిచారో, ఏ దేశమో నాకు గుర్తులేదు. మనం చూస్తున్నదాన్ని చెప్పుకునేదానికి పక్కన ఒక మనిషి ఉండాలి. నా పక్కన తెలియని భాషవాళ్ళు ఉన్నారు.

చింతామణి

తిరుగు ప్రయాణంలో అక్క నాతో మాట్లాడకుండా లేదు. నీళ్ళు పట్టుకో, సంచి జరుపు, కిటికీ వెయ్యి అంటుంది. పాట ఊసు లేదు, ఢిల్లీ ఊసు లేదు. నేను తిట్టమని అడిగాను. "ఏంటికి తిట్టల్ల?" అంది.

బంగారుపేట దగ్గర మళ్ళీ చిన్నరైలెక్కి చింతామణిలో దిగాం. అక్కడి నుంచి మురుగమల్ల, చేలూరు మీదుగా బస్సు పోతుంది. ఢిల్లీ తర్వాత మొదటిసారి "ఏమప్పా, బస్సు యాడుండాది?" అని ఎవరో అనడం వినగానే నాకు ఏడుపొచ్చింది.

హోటల్లో ఇడ్లీ తింటుంటే మేష్ట్రు కన్నడ పేపరు కొనుక్కొచ్చాడు. అందులో వేదిక మీద తీసిన ఫోటో ఉంది. నేనూ, కాలేజీ అమ్మాయీ, మధ్యన రాయి. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకోబోయాడు. అక్క చూసింది.

"ఏమని ఉండాదప్పా, చదువు."

ఆయన చదవక తప్పలేదు. బాగేపల్లి తాలూకా నుంచి వచ్చిన తోడికోడళ్ళు ఇసుర్రాయి పాట పాడుతున్న దృశ్యం అని ఉంది.

అక్క పేపరు దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది. కాలేజీ అమ్మాయి మొహం మీద వేలు పెట్టింది.

"బాగుండాను," అంది. "ఢిల్లీ నీళ్ళకు కొంచెం తెల్లగా అయినాను."

మేష్ట్రు నవ్వబోయి ఆగిపోయాడు.

మురుగమల్ల

మురుగమల్లలో బస్సు చక్రం గాలి దిగింది. బాగు చేసేదాకా దిగమన్నారు. అది దర్గాకు జనం వచ్చే రోజు. హిందువులు, తురకలు అందరూ చక్కెర, పూలు కొనుక్కుని పోతున్నారు. అక్క కూడా అణా చక్కెర కొని లోపలికి పోయి చదివింపు చేయించుకుని వచ్చింది. అంతదాకా బస్సు పైనుంచి దించిన మా సంచులకు నేను కాపలా.

చక్కెర అమ్మే ముసలామె గోనెలోంచి బయటికి కనిపిస్తున్న రాయి అంచును తడిమింది.

"మంచి రాయమ్మా. మా అమ్మకు ఇట్లాంటిదే ఉండె. మీకు పాట వస్తాదా? చక్రం అయ్యేదాకా ఒకటి పాడండి, వింటా."

నేను అక్క వైపు చూశాను. ఒక్క చరణం ఎత్తుకుంటే చాలు, జవాబు చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. అంత దూరం పోయి వచ్చాక నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

అక్క చక్కెర పొట్లం విప్పుతూ, "ఆ రాయి ఖాళీగా తిరిగిందమ్మా," అంది.

ముసలామెది మన సీమే. ఆమెకు అర్థమైంది. చెయ్యి వెనక్కి తీసుకుంది. "అయ్యో తల్లీ. ఎవురు పోయినారు?"

"పాట," అంది అక్క.

అక్క కొంచెం చక్కెర నోట్లో వేసుకుని, కొంచెం నా చేతిలో పోసింది. కండక్టరు ఎక్కమని కేక వేశాడు. రాయిని మళ్ళీ పైకెత్తించాం.

ఇల్లు

ఊరు చేరేసరికి పొద్దు గూకింది. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి ఢిల్లీ సంగతులు అడిగారు. పందేల గురించి నేను చెప్పాను. అక్క కాళ్ళు కడుక్కుని పడుకుంది.

మర్నాడు కోడి కూయగానే లేచాను. రాయిని కడిగి, ఎప్పుడూ ఉండే మూలలోనే పెట్టాను. కింద గోనె పరిచాను. చేటలో రాగులు పోసుకుని నా వైపు కూర్చుని, అక్క వైపు నేల చేత్తో తుడిచాను.

అక్క లోపలి నుంచి వచ్చింది. నెత్తిమీద రాగుల గంప ఉంది.

"యాడికక్కా?"

"బాగేపల్లికి. మిషనుకు."

మిషను పిండి వేడిగా వస్తుందని, తోలుపట్టా కంపు కొడుతుందని, ఆ సంగటి చేతికి అంటదని ఊరంతటికీ చెప్పిన మనిషి ఆమె.

"మిషను పిండికి జిగురు ఉండదంటివి కదక్కా."

"లేకపోతే పోనీ. జిగురు లేకుండా తినేవాళ్ళు ఎంతమంది లేరు?" అని, గంప సర్దుకుని, వాకిలి దాటి పోయింది. ఆమె నడక మామూలుగానే ఉంది. వెనక్కి తిరగలేదు.

నేను ఒక్కదాన్నే విసిరాను. పాడలేదు. నా సగం ఒక్కటే పాడితే అది దేనికి జవాబు? మూడు రోజులు ఖాళీగా తిరిగి రాయి గాట్లు అరిగిపోయాయి. పిండి బరకగా పడింది, అందులో రాతి పొడి కలిసింది. అట్లాంటి పిండి మనుషులకు పెట్టరు, కుడితిలో కలిపి గొడ్లకు పోస్తారు. అది నాకు తెలుసు.

అయినా ఎసరు పెట్టి, ఆ పిండితో ఒక్క ముద్ద సంగటి కెలికాను. ఇంట్లో ఎవరికీ పెట్టలేదు. రాయి పక్కనే కూర్చుని నేనే తిన్నాను. సంగటిని మేము నమలం, మింగుతాం. ఆ రోజూ పంటికి తగలకుండా మింగాలనే చూశాను. ప్రతి ముద్దలోనూ తగిలింది.